ఉపసంహారము తెలియని అస్త్రము

ఆత్మరక్షణము ప్రాణిమాత్రమునకు సహజధర్మమని మన పెద్దలు ఒప్పుకొనిరి. దానిని పాపముగా ఎంచిన శాస్త్రము లేదు. అయితే రక్షణమునకై ఎత్తిన చేయి ఎప్పుడు దిగవలెనో, ఏ క్షణమున రక్షణము హింసగా మారునో, అసలు రక్షింపబడుచున్న ‘నేను’ అనునది ఎంతమేరకు వ్యాపించియున్నదో తేల్చుటకు వేదాంతులును ధర్మశాస్త్రకారులును వేయేండ్లుగా వాదించుకొనుచునే యున్నారు. ఈ వాదము ఇటీవల ఎవరును ఊహింపని చోటికి, అనగా మన రక్తనాళముల గోడలలోనికి, ప్రవేశించినది. అధిక రక్తపోటు అని వైద్యులును, బీపీ అని లోకులును పిలుచు వ్యాధికి గల మూలములలో ఒకటి, దేహమును కాపాడవలసిన తెల్లరక్తకణములు కారణము లేని చోట చెలరేగి, చెలరేగిన పిదప శాంతింపకుండుటయేయని గత ఇరువది సంవత్సరముల పరిశోధనలు బలముగా సూచించుచున్నవి. కంచె చేనును మేయుట యనిన ఇదియే. ఈ విషయమును మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమను ఆధారముగా గొని విచారింపదలచితిని. ఏలయన ఈ ప్రశ్నకు గల తత్త్వపు కొసయు వైద్యపు కొసయు ఒకే ఊరి పొలిమేరలలో దొరకుట ఈ సీమయందే నాకు కనబడినది.

జిడ్డు కృష్ణమూర్తిగారు 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు కుటుంబమున ఎనిమిదవ సంతానముగా పుట్టిరి. బాల్యమున మలేరియా జ్వరములతో చిక్కి శల్యమైన ఆ బాలుని 1909లో అడయారు సముద్రతీరమున చూచి, రాబోవు జగద్గురువు ఇతడేయని దివ్యజ్ఞాన సమాజమువారు నిర్ణయించుటయు, వారు తనకై నిర్మించిన సంఘమును 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండులోని ఓమెన్‌లో ఆయనయే రద్దుచేయుటయు లోకవిదితములు. అటుపిమ్మట 1986 ఫిబ్రవరిలో దేహము చాలించువరకు ఆయన దేశదేశములు తిరిగి వేసిన ప్రశ్నలన్నింటికిని అడుగున ఉన్న ప్రశ్న ఒకటే: మనుష్యుడు ‘నేను’ అను కేంద్రమొకటి కల్పించుకొని, దానికి భద్రత కావలెనని భయపడి, ఆ భయముచేతనే చుట్టును గోడలు కట్టుకొని, తుదకు ఆ గోడలవలననే సంఘర్షణమును తెచ్చిపెట్టుకొనుచున్నాడు గదా, ఈ పని అతనికి తానై కనబడునా, కనబడదా?

ఆ బాలుడు అడయారునకు వెడలిన మూడేండ్లకు, అదే మదనపల్లెలో క్రైస్తవ మిషనులు కొన్ని కలసి 1912లో క్షయరోగులకై ఒక చికిత్సాలయమును ఆరంభించెను. 1915లో అది ఆరోగ్యవరమను పేర ఊరి వెలుపల స్వంత భూమిలో నెలకొనెను. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి పాదులు వేసి పెంచిన మహనీయుడు. పొడిగాలి, ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన తిండి తప్ప క్షయకు వేరు మందెరుగని ఆ కాలమున దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు అచటికి వచ్చి, నెలలకొలది మంచములపై పరుండి, తమ దేహమే తమ రోగమును జయించునేమోయని నిరీక్షించిరి. స్వతంత్ర భారతమున బి.సి.జి. టీకా ప్రప్రథమముగా 1948 ఆగస్టులో వేయబడినదియు మదనపల్లెలోనే. టీకా యనగా తెల్లకణములకు శత్రువును ముందుగా పరిచయము చేయుటయే గనుక, స్వతంత్ర భారతమున క్షయపై ఈ కణముల సైన్యశిక్షణకు ఆది పాఠశాల ఈ పట్టణమనుటలో అతిశయోక్తి లేదు.

తెల్లకణముల చరిత్రకు ఆదిపురుషుడు ఎలీ మెచ్నికోవ్. 1882లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో, సముద్రనక్షత్రముయొక్క పారదర్శకమైన పసిరూపమున గులాబిముల్లు గ్రుచ్చియుంచి, మరునాటి ఉదయమున సూక్ష్మదర్శినిలో చూడగా, ఆ ముల్లు చుట్టును చలించు కణములు మూగి దానిని మ్రింగజూచుచుండుట అతనికి కనబడెను. వాపు కేవలము రోగలక్షణమని తలచుచుండిన వైద్యలోకమునకు, వాపు దేహము చేయు ప్రయత్నమని అతడు చాటెను. 1908లో పాల్ ఎర్లిహ్‌తో కలసి నోబెల్ బహుమానమును పొందెను. ఈ భాగము అందరును చెప్పునదే. మరచునది మరియొకటి కలదు. తన వీరకణములను అంతగా ప్రేమించిన మెచ్నికోవ్, వయసు మీరిన దేహమున ఆ భక్షకకణములే మెదడు మొదలైన ఉత్తమధాతువులను తినివేయునని నమ్మెను. జుట్టు నెరయుటకు సైతము అవి రంగును మ్రింగుటయే కారణమనెను. జుట్టును గూర్చిన ఆ ఊహ తరువాతి శాస్త్రమున నిలువలేదు. కాని దేహము పుట్టుకతోనే సమరసమైన వస్తువు కాదనియు, సామరస్యము దానికి అనుక్షణము సంపాదించుకొనవలసిన స్థితియనియు అతడు చెప్పిన మాట నేటికిని చెక్కుచెదరలేదు. ఒక శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న దేవతయందే రాక్షసత్వమును చూడగలుగుట సామాన్యమైన నిజాయితీ కాదు.

ఆరోగ్యవరపు రోగుల ఊపిరితిత్తులలో జరిగినది గమనింపుడు. క్షయబీజము లోనికి చొచ్చినప్పుడు తెల్లకణములు దానిని తరచుగా పూర్తిగా చంపజాలవు. చుట్టుముట్టి, దట్టముగా గోడకట్టి, గ్రాన్యులోమా అను చిన్న కంతిలో బంధించి యుంచును. లోకజనాభాలో సుమారు నాలుగవవంతు మందికి ఈ బీజము సోకియున్నదని అంచనా. వారిలో జీవితకాలమున రోగము పైకి వచ్చునది నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే. తక్కినవారిలో ఈ కాపలా ఏండ్లకొలది, తరచుగా మరణపర్యంతము, నిశ్శబ్దముగా సాగుచుండును. చంపకయే లొంగదీయుట, పగబూనకయే కావలి కాయుట! ఇంతటి ధీరత్వము పురాణపురుషులలో కూడ అరుదు. అయితే రోగము ముదిరినవారి ఊపిరితిత్తిలో గుహవంటి రంధ్రము త్రవ్వునది ఎవరు? బీజము తాను నేరుగా చేయు నాశనము తక్కువ. ఆగ్రహించిన తెల్లకణములు వెదజల్లు జీర్ణకారక రసములే అచటి మాంసమును కరగించును. శత్రువు నిజమే, యుద్ధము న్యాయమే. ఐనను పొలము కాలినది మన మంటలతోనే.

ఇక రక్తపోటు. ఇందు బీజము లేదు, గాయము లేదు, ముల్లు లేదు. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణములు ఉండును. ఆ హద్దులలోనే పై భాగమున ఉన్నవారికి, క్రింది భాగమున ఉన్నవారికంటె, తరువాతి కాలమున రక్తపోటు వచ్చుట ఎక్కువగా నున్నదని 1990లో కాలిఫోర్నియా వైద్యులు గుర్తించిరి. పోటు వచ్చుటకు పూర్వమే సైన్యము కొంత ఉబ్బియున్నదన్న మాట. జపానులోని క్యోటోలో ఒకామోటో, అవోకి అను శాస్త్రజ్ఞులు 1963లో వెలువరించిన, తమంతట తామే రక్తపోటు పెంచుకొను ఎలుకల వంశమున తెల్లకణములు సహజముగానే ఉద్రిక్తములై, వాటినుండి చిందిన ఎంజైములు నాళములలోని ఇతర కణములపై నుండు గ్రాహకములను కత్తిరించుచున్నవను వాదమును శాన్ డియేగోలోని గీర్ట్ ష్మిడ్-షోన్‌బైన్ బృందము ముందుకు తెచ్చినది. 2007లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున డేవిడ్ హారిసన్, టోమాష్ గూజిక్ మొదలగువారు మరింత సూటియైన పరీక్షను చేసిరి. తెల్లకణములలో రెండు తెగలగు టీ-కణములును బీ-కణములును లేకుండ పుట్టిన చుంచులకు, నాళములను బిగించు యాంజియోటెన్సిన్ అను హార్మోనును ఎక్కించినను, మామూలు చుంచులకు పెరిగినట్లు పోటు పెరుగలేదు. ఆ చుంచులకు టీ-కణములను తిరిగి ఇచ్చినంతనే పెరిగెను, బీ-కణములను ఇచ్చినప్పుడు పెరుగలేదు. గుండె అదే, మూత్రపిండము అదే, హార్మోను అదే. మధ్యనున్న రక్షకుడు లేనప్పుడు వ్యాధి తడబడినది.

శత్రువు లేనిదే రక్షకుడు ఏల లేచెను? దీనికి 2014లో అన్నెట్ కిరాబో, హారిసన్ మొదలైనవారు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునుండి ఇచ్చిన సమాధానము నన్ను చాల కాలము ఆలోచింపజేసినది. దేహమున ఉద్రిక్తత కలిగినప్పుడు కొవ్వుపదార్థములు భస్మమైనట్లు ఆక్సీకరణము చెంది, ఐసోలెవ్యుగ్లాండిన్లు అను వికృతద్రవ్యములుగా మారి, మన స్వంత ప్రోటీన్లకే అంటుకొనును. అట్లు మాసిన స్వకీయమును కావలికణములు చూచి, ఇది పరకీయమని భ్రమించి, టీ-కణములకు చూపును. టీ-కణములు లేచి నాళముల వెలిగోడలలోను మూత్రపిండములలోను దిగి, ఇంటర్‌ల్యూకిన్-17, గామా ఇంటర్‌ఫెరాన్ మొదలైన ద్రవ్యములను విడుచును. నాళము బిరుసెక్కును; మూత్రపిండము ఉప్పును విడువక పట్టుకొనును; పోటు పెరుగును. పెరిగిన పోటు నాళమును మరల గాయపరచును. గాయము మరల కావలికణములను పిలుచును. ఈ చక్రమునకు ఆది ఎచ్చటనో చెప్పుట కష్టము. అనాదియైన అవిద్యనుగూర్చి మన అద్వైతులు పడిన చిక్కు ఇట్టిదే.

ఇందలి నిదర్శనములలో అధికభాగము చుంచులపై చేసిన ప్రయోగములనుండి వచ్చినవే. మనుష్యులలో రక్తపోటునకు వంశము, ఉప్పు, మూత్రపిండములు, నరములు, స్థూలత, వయసు అన్నియు తోడుదొంగలు. తెల్లకణమొక్కటే దోషియని చెప్పువాడు శాస్త్రమును అతిక్రమించినవాడగును. కాని దోషులలో అది యొకటియను మాట చాలును, మన తత్త్వప్రశ్నకు.

మహాభారతమున, తిక్కనసోమయాజి తెనిగించిన సౌప్తికపర్వమున, అశ్వత్థామ విడిచిన బ్రహ్మశిరోనామకాస్త్రము కథ కలదు. అర్జునుడును అదే అస్త్రమును విడిచెను. లోకము దగ్ధమగునని మహర్షులు అడ్డుపడి వెనుకకు తీసికొనుడనగా, అర్జునుడు ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు ప్రయోగమే తెలియును, ఉపసంహారము తెలియదు. అస్త్రము ఎక్కడికో పోవలెను గనుక ఉత్తర గర్భముపైకి పోయెను, అనగా ఇంకను కన్ను తెరువని, ఎవరికిని అపకారము చేయని శిశువుపైకి. గురుపుత్రునకు శౌర్యము తక్కువ కాదు, విద్య తక్కువ కాదు, తండ్రి మరణమువలన కలిగిన దుఃఖమును అబద్ధము కాదు. లేనిది నిలుపుదల. మన రక్తనాళములలో జరుగుచున్న కథను ఇంతకంటె స్పష్టముగా చెప్పగల ఆఖ్యానము ఏ దేశపు వాఙ్మయమునను నాకు కనబడలేదు. శాంతిపాఠములు చెప్పువారు తరచుగా అస్త్రమును నిందింతురు; వ్యాసుడు నిందించినది అస్త్రమును కాదు, మరలింపలేని చేతిని.

మరలించు విద్య దేహమున కూడ కలదు. 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి, తోటి కణముల ఆగ్రహమును అణచుటయే వృత్తిగా గల ఒక తెగ టీ-కణములను గుర్తించెను. ఆ శాఖలోని కృషికే 2025 నోబెల్ బహుమానము ఆయనకును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గార్లకును లభించినది. నియంత్రక కణములని పిలువదగిన వీటిని చుంచులలో ఎక్కించినప్పుడు యాంజియోటెన్సిన్ పెంచు పోటు తగ్గినదని 2011లో మాంట్రియాల్ పరిశోధకులు చూపిరి. అనగా ఒకే వంశమున, ఒకే మజ్జనుండి పుట్టినవారిలో అశ్వత్థామయు కలడు, అర్జునుడును కలడు. వారి తూకము చెడుటయే రోగము.

ఈ తూకము ఏల చెడును? చరకమహర్షి వ్యాధులకు మూలముగా చెప్పిన ప్రజ్ఞాపరాధము నాకు ఇచట స్ఫురించుచున్నది. ధీ, ధృతి, స్మృతి యనునవి భ్రష్టమైనప్పుడు మనుష్యుడు చేయు కర్మ సర్వదోషములను ప్రకోపింపజేయునని ఆయన సిద్ధాంతము. ధీభ్రంశమనగా ఉన్నదానిని మరియొకటిగా తెలిసికొనుట. మాసిన స్వకీయమును పరకీయమని చూపిన కావలికణము చేసినది ఇదే. ధృతిభ్రంశమనగా అహితమునుండి తన్ను తాను నిలుపుకొనలేకుండుట. నియంత్రక కణముల లోపము ఇదే. స్మృతి విషయమున మాత్రము కొంత ఆగి ఆలోచింపవలెను. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకమారు రక్తపోటు తెప్పించి తగ్గనిచ్చిన చుంచులకు, కొంతకాలము తరువాత, మామూలుగా పోటు పెంచని పాటి స్వల్పకారణమునకే పోటు పెరిగెను. మొదటి ఉద్రిక్తతను గుర్తుంచుకొన్న టీ-కణములు మూత్రపిండమునను ఎముకమజ్జయందును నిలిచియుండుటయే అందులకు హేతువు. ఇచట స్మృతి పోలేదు, మిగిలినది! చరకునకు ఇది విరుద్ధమా? కాదని నా అభిప్రాయము. ఆయన చెప్పిన స్మృతి తత్త్వమును గూర్చిన స్మృతి, రజస్సుచేతను మోహముచేతను కప్పబడునట్టిది. పగను గుర్తుంచుకొని తన్ను తాను మరచుట ఆయన దృష్టిలో స్మృతినాశమే. మరియు చరకుడు ఆయుర్దాయమును దైవమొక్కదానికే విడువలేదు. దైవమును పురుషకారమును రెండింటిని కలిపి చెప్పెను, ఆయువు సర్వము నియతమే యైనచో మందులతో పనియేమని అడిగెను. ఈ మాటను ఈ సీమలో బిగ్గరగా చెప్పవలసిన అగత్యము కలదు. దానికి క్రిందను వచ్చెదను.

కృష్ణమూర్తిగారి ప్రశ్నకు మరలుదము. దేహమునకు కూడు, గుడ్డ, నీడ, రక్షణము అవసరమని ఆయన ఎన్నడును కాదనలేదు. పాము ఎదుట పడినప్పుడు తొలగిపోవుట భయము కాదు, వివేకమని అనేక పర్యాయములు చెప్పిరి. ఆయన ఖండించినది మానసిక భద్రతాన్వేషణను. జాతి, మతము, పరువు, నమ్మకము అను గోడలను. ఈ విభాగము చక్కనిది, ఉపయోగకరమైనది. ఐనను నేటి శాస్త్రము దాని నడుమ ఒక కన్నమును చూపుచున్నది. సహానుభూతిక నరములు ప్లీహమునకును ఎముకమజ్జకును పోవుచున్నవి. దీర్ఘకాలపు ఒత్తిడి అచట తెల్లకణముల ఉత్పత్తిని పెంచునని 2014లో తేలినది. ఒత్తిడివలన చుంచులకు కలుగు రక్తపోటు, టీ-కణములు లేని చుంచులకు కలుగదని 2012లోనే చూపిరి. మనస్సు కల్పించుకొన్న పామునకును, కాలిక్రింది పామునకును మజ్జయందు భేదము లేదు. కాబట్టి మానసిక భద్రత వేరు, శారీరక భద్రత వేరు అని మనము గీచిన గీతను దేహము పాటించుటలేదు. మనస్సు గీతకు ఇవతల భయపడినచో, దేహము గీతకు అవతల సైన్యమును కదలించును. ఇది ఆయన బోధకు భంగమని నేను అనుకొనను. ఆయన ఆలోచనను దేహమును ఒకే ప్రవాహముగా చూడుమని చెప్పినవారే. ఆ ప్రవాహము ఎంత లోతున పారుచున్నదో మనకు ఇప్పుడు కొంచెము ఎక్కువగా తెలిసినది, అంతే.

కాని ఇచటనే ఒక అన్యాయమునకు దారి కలదు. భయము రోగకారణము గనుక భయపడకుమని రోగికి బోధించుట సులభము. బోధించువానికి ఖర్చు లేదు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమునందే పేరెన్నికగన్నది. బంగారము పలికిన సరుకును, కొన్నాళ్లకే కోత కూలి రాక, రోడ్డుప్రక్కన పారబోసి పోవలసి వచ్చిన రైతు భయము ‘మానసిక కల్పన’ యగునా? తెల్లవారకమునుపే కుప్పము స్టేషనులో రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రి తిరిగివచ్చు కూలివాని ఆందోళన అహంకారముయొక్క గోడ యగునా? అతని ఎదుట నిలిచినది నిజమైన పామే. అతనికి ధ్యానము చెప్పి ధర చెప్పనివాడు, రక్తపోటును రోగి శీలదోషముగా మార్చుచున్నాడు. పూర్వము కుష్ఠును క్షయను పాపఫలములనిన నోళ్లే నేడు బీపీని కోపిష్టి వ్యాధి యనుచున్నవి. కణము భ్రమపడినది; మనుష్యుని తప్పు పట్టుటకు మనకు అధికారము లేదు.

రక్తపోటు ధనికుల రోగమను నమ్మకమును ఈ సీమయే వమ్ముచేసినది. కృష్ణమూర్తిగారి విద్యాలయము నెలకొన్న రిషివ్యాలీలోని గ్రామీణ ఆరోగ్యకేంద్రమువారు, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలసి, చుట్టుప్రక్కల పేదపల్లెలలో రక్తపోటును ఏండ్ల తరబడి పరిశీలించిరి. కాయకష్టము చేయువారిలోను ఈ వ్యాధి కలదు; ఉన్నట్లు తెలియనివారు పలువురు, తెలిసియు మందు పుచ్చుకొననివారు పలువురు. దేశము మొత్తమున 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 24 మందికిని, స్త్రీలలో నూటికి 21 మందికిని పోటు హెచ్చుగా నున్నది. పల్లెలలో వినవచ్చు మాటలు రెండు: “మా నాయనకూ ఉండె, నాకూ వచ్చె, రాసిపెట్టుండాది” అనునది యొకటి, “తలనొప్పి ల్యా, ఏమీ ల్యా, బిళ్ల యాల మింగేది?” అనునది రెండవది. మొదటిది దైవమునకు పురుషకారమును అర్పించుట. రెండవది నొప్పిని మాత్రమే సాక్షిగా ఒప్పుకొనుట. లోపలి యుద్ధము నొప్పి లేకయే జరుగునని ఎవరైనను ఆ ఇంటి అరుగుమీద కూర్చుండి చెప్పినకాని ఆ ఇంటివారికి తెలియు మార్గము లేదు.

అట్లు చెప్పు ప్రయత్నమును జరిగినది. రిషివ్యాలీ పల్లెలలోను, పశ్చిమగోదావరిలోను, కేరళలోని తిరువనంతపురము ప్రాంతమునను, ఆశా కార్యకర్తలు రక్తపోటు గలవారిని చిన్న జట్లుగా కూర్చి, రెండు వారములకొకసారి చొప్పున మూడు నెలలు సమావేశపరచి, బీపీ చూచుచు, ఉప్పు తగ్గించుట, మాత్ర మానకుండుట, నడక మొదలైనవానిని ముచ్చటించిరి. అట్టి జట్లు లేని పల్లెలకంటె ఆ పల్లెలలో పోటు అదుపులోనికి వచ్చినవారు ఎక్కువని 2020లో ఫలితములు ప్రకటింపబడినవి. ఇందు వింతమందు ఏదియు లేదు. ఇరుగుపొరుగువారు నలుగురు కూడి, ఒకరి అంకె ఒకరికి చెప్పుకొని, భయమును పంచుకొనిరి. సత్సంగమను మాటకు ఇంతకంటె యోగ్యమైన సందర్భము నాకు తోచుటలేదు. ఇటీవల 2025 జూలైలో కుప్పము ఆసుపత్రిలో టాటా సంస్థ సహకారముతో, రోగుల సమాచారమును కంప్యూటర్లద్వారా గమనించు డిజిటల్ నర్వ్ సెంటరు ఆరంభమైనది. యంత్రము చేయగలిగినంత యంత్రము చేయును గాక, అరుగుమీది మాటను అది తీసివేయకుండుగాక.

ఇక సహజముగా కలుగు ప్రశ్న: తెల్లకణములు దోషులైనచో వాటిని అణచివేయరాదా? రాదు. రోగనిరోధమును అణచు మందులలో సైక్లోస్పోరిన్ వంటిది స్వయముగా రక్తపోటును పెంచును. కీళ్లవాతమునకై తెల్లకణముల వాపుద్రవ్యమగు టి.ఎన్.ఎఫ్.ను నిరోధించు మందులు వాడినవారిలో, ఏండ్లుగా బందీయై యున్న క్షయబీజము కంతిని ఛేదించుకొని మేల్కొన్నట్లు 2001లో వైద్యలోకము కనుగొనెను. ఆరోగ్యవరమున వేలమంది నిరీక్షించిన ఆ కాపలాను తొలగించినంతనే ఏమి జరుగునో దీనివలన తెలిసికొనవచ్చును. గీతాచార్యుడు అర్జునుని యుద్ధము మానుమనలేదు, జ్వరము విడిచి చేయుమనెను. అహింసను కావలి లేని ఇల్లుగా భావించువారును, ధర్మమును ఎడతెగని యుద్ధముగా భావించువారును ఇద్దరును దేహమునుండి నేర్చుకొనవలసినది మిగిలియున్నది. నా మట్టుకు నేను, రక్షకుని రద్దుచేయు మోక్షమును కోరను. రక్షకునికి తన ఇల్లు గుర్తుండవలెనని, చేయి దిగవలెనని కోరుదును.

జ్వరము విడుచుటకు మనచేతిలోనున్న ఉపాయములలో ఉప్పు మొదటిది. ఉప్పు ఎక్కువైనచోట టీ-కణములు ఇంటర్‌ల్యూకిన్-17ను విడుచు ఉగ్రరూపమును దాల్చునని 2013లో వెలువడిన పరిశోధనలు చెప్పుచున్నవి. అనగా ఊరగాయలోను అప్పడములోను మనము తినునది నీటిని పట్టుకొను ద్రవ్యమే కాక, కావలివానిని రెచ్చగొట్టు ద్రవ్యము కూడ. దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. మనవారు తినునది ఇంచుమించు దానికి రెట్టింపు. పుంగనూరు ఆవును చూచినవారికి ఈ సీమలో మితము ఎంత సహజమో తెలియును: ఇంచుమించు మూడడుగుల ఎత్తుతో, మెట్టనేలలో దొరకిన కొద్దిపాటి గడ్డితో, చిక్కని పాలనిచ్చు జాతి అది. ఆ నేలమీద బ్రతికినవారికి సంగటిముద్దలో ఉప్పు తగ్గించుకొనుట పరదేశపు ఉపదేశము కానక్కరలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఈ వ్యాసమును చదువు సోదరీసోదరులకు నా మనవి ఇది. ముప్పదియేండ్లు దాటినవారందరును, నొప్పియున్నను లేకున్నను, దగ్గరనున్న ఆరోగ్యకేంద్రమున బీపీ చూపించుకొనుడు. అచట అది ఉచితము. పైయంకె 140గాని క్రిందియంకె 90గాని దాటినట్లు మరియొకమారు చూచినప్పుడును తేలినచో, వైద్యుడు ఇచ్చిన బిళ్లను, తల తేలికగా నున్నదని మీయంతట మీరు మానకుడు. మీ ఇంట పెద్దవారు “రాసిపెట్టుండాది” అనినచో కసరక, వారిని చేయిపట్టి తీసికొనిపోవుడు. మరియు మీ పల్లెలో ఆశా కార్యకర్త పదిమందిని కూర్చుండబెట్టిన దినమున మీరును పోయి కూర్చుండుడు.